నా జబ్బును ముందుగా చూసింది అక్క

కుంగుబాటులో ఉన్న మనిషికి మాట్లాడాలన్న కోరికే ముందు చచ్చిపోతుంది. నాకూ అదే జరిగింది. తెల్లవారకముందే మెలకువ వచ్చేసేది. ఎప్పటెప్పటి మాటలో ఆ చీకట్లో చుట్టుముట్టేవి. ఆకలి పోయింది. పుస్తకం తెరిస్తే ఒకే వాక్యం దగ్గర ఆగిపోయేదాన్ని. ఫోను మోగితే గుండెదడ. ఇదంతా జబ్బని తోచనే లేదు, నేనే పనికిరానిదాన్నని గట్టిగా నమ్మాను. కాలు విరిగితే మనసుకు తెలుస్తుంది. మనసే దెబ్బతింటే ఇంకొకరు చూసి చెప్పాల్సిందే.

అక్క చూసింది. నీరసమని దాటవేయబోతే వదల్లేదు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడిగింది. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. ఆ భయానికి ఆధారం లేదు. అవునన్నాను, చాలాసేపు ఏడ్చాను, ఎంతో కాలానికి ఊపిరాడినట్టనిపించింది. తను ఉపదేశమేమీ చేయలేదు. ఆ రాత్రి నా గదిలోనే పడుకుని, మర్నాడు తనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. అడిగేది అక్కే కానక్కరలేదు. స్నేహితురాలైనా, సహోద్యోగైనా, హెల్ప్‌లైన్‌లో పలికే అపరిచితులైనా సరే. ఎవరూ అడగకపోతే "నాకు బాగాలేదు, కాసేపు నాతో ఉండు" అని మనమే అనవచ్చు. అంతకు మించి వివరించే శక్తి ఆ స్థితిలో ఉండదని నాకు తెలుసు.

థైరాయిడ్ లోపం కూడా ఇలాంటి లక్షణాలే చూపిస్తుంది కాబట్టి సైకియాట్రిస్ట్ ముందు ఆ పరీక్ష చేయించారు. తర్వాత మాత్రలు, కౌన్సెలింగ్. మాత్రల గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, వికారం, తలనొప్పి మాత్రం ముందే వచ్చేస్తాయి. చాలామంది మందు వదిలేసేది అప్పుడే. నేనూ వదిలేద్దామనుకుంటే అక్క పట్టుబట్టి డాక్టరుతో మాట్లాడించింది. ఆవిడ మోతాదు మార్చారు.

కోలుకుంటున్న సంగతీ నాకు ఆలస్యంగానే తెలిసింది. "ఇవాళ కూరలో ఉప్పు తక్కువైందన్నావు, గమనించావా?" అంది అక్క ఒకరోజు. రుచి తెలిసి ఎన్నాళ్లయిందో! ఇదే జబ్బు దాటినవాళ్లు కలుసుకునే ఒక బృందానికి ఆ తర్వాత వెళ్లడం మొదలుపెట్టాను. అక్కడ నా మాట సగంలో ఆగినా మిగతాది వాళ్లకు అర్థమయ్యేది.

బాగుపడ్డాక కూడా కనీసం ఆరు నెలలు మందు కొనసాగించాలని, ఒక్కసారిగా ఆపకూడదని డాక్టరు చెప్పారు. ఇంకా వాడుతున్నాను. మళ్లీ నిద్ర చెడినా, పిలిస్తే పలకకపోయినా, నేను వద్దన్నా సరే, డాక్టరుకు ఫోను చేయమని అక్కకు చెప్పి ఉంచాను.