చీటీ కట్టేటప్పుడు ఎంత నమ్మాలి, ఎక్కడ అడగాలి

గుడి హుండీలో వేసిన డబ్బుకు ఎవరూ రసీదు అడగరు. అక్కడున్నది భక్తి, దానికి లెక్కలతో పనిలేదు. ఇబ్బందల్లా అదే మనసుతో నెలనెలా చీటీ డబ్బు కూడా ఇచ్చేయడంతోనే. "ఆవిడ చాలా మంచిది, పూజలూ అవీ బాగా చేస్తుంది" అన్న ఒక్క మాట మీద చేరిపోతారు. ఆవిడ నిజంగానే మంచిది కావచ్చు. కానీ చీటీ మునగడానికి నడిపేవాళ్లు చెడ్డవాళ్లే కానక్కర్లేదు. ముందే పాడుకున్న, అంటే వేలం పాటలో చీటీ డబ్బు తీసేసుకున్న ఇద్దరు ముగ్గురు కట్టడం మానేస్తే చాలు.

ఇరవై మంది, నెలకు 5,000, ఇరవై నెలలు, అంటే లక్ష రూపాయల చీటీ అనుకుందాం. ఒకరు 25,000 తగ్గించి పాడారు. వారి చేతికి 75,000 వస్తుంది. తగ్గించిన 25,000లో చీటీ నడిపేవాళ్ల కమీషన్ 5 శాతం లెక్కన 5,000 పోను, మిగిలిన 20,000 తలా వెయ్యి చొప్పున పంచుతారు. ఆ నెల ఒక్కొక్కరు కట్టేది 4,000. పాడుకోనంత కాలం మీరు మిగతావాళ్లను నమ్ముతున్నారు. పాడుకున్నాక వాళ్లు మిమ్మల్ని నమ్మాలి. మొదటి నెలలో ఇరుక్కునేది ఒక్క వాయిదానే. ఆఖరిదాకా ఆగినవాళ్లవి పందొమ్మిది వాయిదాలు బయటే ఉంటాయి. అయినా చాలామంది మొదట్లో అన్నీ అడిగి, పదో నెల దాటేసరికి "ఇంతకాలం బాగానే నడిచింది కదా" అని వదిలేస్తారు. గట్టిగా అడగాల్సింది అప్పుడే.

కంపెనీ చీటీ అయితే 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్ట్రార్ ముందస్తు అనుమతి ఉండాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇది చూసేది రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖే. కమీషన్ గరిష్ఠ పరిమితిని 2019 సవరణతో 5 నుంచి 7 శాతానికి పెంచారు. అంతకుమించి పట్టుకుంటే అడగండి. ఒప్పందం కాపీ తీసుకోండి. ఏజెంటు సొంత ఫోన్‌పే నంబరుకు డబ్బు పంపకండి, కంపెనీ ఖాతాకే కట్టండి.

ఇళ్ల మధ్య నడిచే చీటీల్లో ఈ కాగితాలు చాలావరకు ఉండవు, కాబట్టి చట్టం అండ కూడా తక్కువే. అక్కడ కనీసం సభ్యులందరి పేర్లు, ఫోన్ నంబర్లు అందరి దగ్గరా ఉండాలి. పేర్లు మాత్రమే ఉండి మనుషులు కనిపించకపోతే, అవి బినామీ పేర్లేమో చూసుకోండి. పాట రోజు వెళ్లండి. ఎవరు ఎంతకు పాడారు, డబ్బు ఏ తేదీన చేతికందింది అన్నది పుస్తకంలో రాసి, తీసుకున్నవాళ్లతో సంతకం పెట్టించాలి. పాడుకున్నవాళ్లు ప్రామిసరీ నోటు రాసి, జామీను ఇచ్చాకే డబ్బు చేతికివ్వాలి. ఇలా అడిగితే పరువు తక్కువని మొహమాటపడతారు గానీ, నిజాయితీగా నడిపేవాళ్లకు ఈ పుస్తకమే రక్ష. రేపు ఎవరైనా వేలెత్తి చూపితే వాళ్లు తెరిచి చూపించేది దాన్నే.

అన్నిటికంటే ముందు పసిగట్టాల్సిన మాట ఒకటుంది: "పాడుకున్న డబ్బు నా దగ్గరే ఉంచండి, నూటికి రెండు వడ్డీ ఇస్తాను." చాలాసార్లు అప్పటికే ఒక చీటీలో పడ్డ గండిని ఇంకో చీటీ డబ్బుతో పూడుస్తుంటారు. ఆ వడ్డీకి ఒప్పుకున్నారంటే మీది ఇక చీటీ కాదు, కాగితం లేని అప్పు. ఆ రోజే మొత్తం డబ్బు అడిగి తీసుకోండి.

ఇన్ని చూసుకున్నా తేలనిది కొంత మిగులుతుంది. పందొమ్మిదో నెలలో ఎవరి ఉద్యోగం ఉంటుందో, ఎవరి ఆరోగ్యం ఎలా ఉంటుందో ఏ జామీనూ ముందే చెప్పలేదు. ఆ కాస్తా విశ్వాసం మీద వదిలేయాల్సిందే. అందుకే పోతే తట్టుకోగలిగినంత చీటీలోనే చేరండి. అమ్మాయి పెళ్లికో, ఆపరేషన్‌కో తేదీతో సహా కావాల్సిన డబ్బైతే బ్యాంకులో రికరింగ్ డిపాజిట్‌లో వేసుకోండి.