దిగిన చోటే ఎక్కక్కర్లేదు

మా వదిన సున్నా టికెట్లు దాస్తుంది. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళకి బస్సు ఉచితమైంది కదా, అప్పట్నుంచి ఎక్కిన ప్రతి పల్లెవెలుగు టికెట్టూ ఇంట్లో పాత హార్లిక్సు సీసాలో పడుతోంది. ఎందుకు వదినా అంటే, “రేపెప్పుడో బాకీ ఉన్నావంటే సూపించాల కదమ్మీ” అంటుంది. సీసా ఇప్పుడు సగం పైగా నిండింది. ఆదివారాలూ రెండో శనివారాలూ మేమిద్దరం ఏటి గట్లమ్మట పడి తిరుగుతున్నాం మరి.

వదిన కొడుకు బెంగళూరులో ఉంటాడు. వాడు దీన్ని హైకింగ్ అంటాడు. తల్లికీ నాకూ చెరో జత బూట్లు పంపించాడు, అవి అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. స్కూలుకి వేసుకెళ్ళే బూట్లు నాకు చాలు, వదిన రబ్బరు చెప్పులు వదలదు. “ట్రైల్ మ్యాప్ పెట్టు అత్తా” అని ఫోన్లో వాడి గోల. మ్యాపెక్కడిది నాయనా? గేదెలు నీళ్ళకి దిగే దారి, చాకిరేవుకి మూటలు మోసిన దారి, ఇసుక ట్రాక్టరు తొక్కిన దారి. ఒకటి ఆగిపోయిన చోట ఇంకోటి అందుకుంటాం. ఏదీ లేకపోతే పొలం గట్టు ఉండనే ఉంది.

స్కూటీ ఉండగా బస్సెందుకని స్టాఫ్‌రూమ్‌లో అడుగుతుంటారు. స్కూటీ మీద వెళ్తే మనసంతా స్కూటీ దగ్గరే ఉంటుంది. ఏ చింతచెట్టు కింద పెట్టామో మళ్ళీ ఆ చింతచెట్టు కిందికే రావాలి, చూసిందే మళ్ళీ చూసుకుంటూ. బస్సు మనిషికి ఆ బాధ లేదు. ఎగువన ఒక ఊళ్ళో దిగి, నీళ్ళతో పాటు దిగువకి నడిచి, ఇంకో ఊళ్ళో ఇంకో బస్సెక్కేయొచ్చు. ఏరు వెనక్కి తిరగదు, మేమూ తిరగం.

మాకు బాగా అలవాటైన దారి సాలిహుండం నుంచి కళింగపట్నం. శ్రీకాకుళం కాంప్లెక్సులో పొద్దున్నే గార వైపు బస్సెక్కి, సాలిహుండం దారి చీలే చోట దిగుతాం. అక్కణ్ణుంచి ఆటో దొరికితే ఆటో, లేకపోతే నడకే. వంశధార కుడి గట్టున కొండ. పెద్దదేం కాదు, ఆయాసం మొదలయ్యేలోపే పైకి చేరిపోతాం. ఇటుకల స్తూపాలు, విహారాల పునాదులు, గుండ్రటి చైత్యగృహం గోడలు. క్రీ.పూ. 2వ శతాబ్దం నుంచి క్రీ.శ. 12వ శతాబ్దం దాకా బౌద్ధులు ఉన్న చోటంటారు. ఊరి పేరు శాలివాటిక నుంచి వచ్చిందని ఒక మాట, అంటే వడ్ల కొట్టు. శల్యపేటిక నుంచి అని ఇంకో మాట, అంటే ఎముకల పెట్టె. తవ్వకాల్లో ధాతువులు, అంటే మహనీయుల అవశేషాలు, దాచిన రాతి భరిణెలు దొరికాయి కాబట్టి రెండోదే సరైందని చదువుకున్నవాళ్ళు అంటారు. వదిన మాత్రం కొండ మీద నిలబడి కింద కోతకొచ్చిన వరి చూసి, “ఒడ్ల కొట్టే అమ్మీ, ఇంకేటి?” అని తేల్చేసింది.

ఈ చోటుని 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి పంతులుగారు. వాడుక భాష కోసం పోట్లాడిన ఆయనే, సవర భాష నేర్చుకుని ఆ భాషలో పుస్తకాలు రాసిన ఆయనే. ఆయన 1863లో పుట్టింది కూడా ఈ ఏటి ఒడ్డునే, ఎగువన ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. ఏటా ఆగస్టు 29న స్కూల్లో ఆయన ఫోటోకి దండేసి, పిల్లల చేత ఎవరికీ అర్థం కాని గ్రాంథికంలో ఉపన్యాసాలు చెప్పించడం నా డ్యూటీ. పంతులుగారు పైనుంచి చూస్తే ఏమనుకుంటారో!

కొండ దిగాక గట్టు పట్టుకుంటే కళింగపట్నం ఎనిమిదీ పది కిలోమీటర్ల నడక. మెలికలు తిరిగితే ఇంకాస్త. నవంబరు దాటాక ఏరు సగం నీరు, సగం ఇసుక. నీటి పాయ అవతలి ఒడ్డుకి జరిగిపోయి ఇవతల మైదానమంత ఇసుక మేట మిగులుతుంది, అంచున రెల్లు. గట్టు మీద తాటిచెట్లు, లోపలికి జీడితోటలు. వరి కోసిన మళ్ళలో అప్పుడే మొలిచిన పెసర, మినుము. తొక్కకుండా నడవడం వదినని చూసి నేర్చుకున్నాను. తీతువు మనల్ని చూడగానే ఊరంతా వినేలా అరిచి మరీ ఎగురుతుంది. లకుముకి మాత్రం కరెంటు తీగ మీద కదలకుండా కూర్చుంటుంది. దాన్ని చూసినప్పుడల్లా వెనక బెంచీ పిల్లాడొకడు గుర్తొస్తాడు.

ఇద్దరాడవాళ్ళు చేతిలో పూలూ పళ్ళూ లేకుండా గట్టు మీద నడుస్తుంటే దారిలో అందరిదీ ఒకటే ప్రశ్న: “ఎవరింటికమ్మా?” ఊరికే నడుస్తున్నాం అంటే ఎవరూ నమ్మరు. మొదట్లో నేను ఏటేటో చెప్పబోయి తడబడేదాన్ని. ఒకరోజు వదిన అందుకుని, “సంబంధం సూడ్డానికి బాబూ” అనేసింది. ఇక ఆ జవాబే ఖాయమైంది. అడిగినవాళ్ళు తృప్తిపడి దారి వదిలేస్తారు, ఒక్కోసారి మంచినీళ్ళిస్తారు. కానీ మొన్న డిసెంబరులో ఒక కల్లం దగ్గర పెద్దాయన ఇంకో అడుగు ముందుకేసి, అబ్బాయేం చేస్తాడని అడిగాడు. వదిన ఉద్యోగం చెప్పింది, జీతం చెప్పింది, బెంగళూరులో గది అద్దె కూడా చెప్పింది. ఆయన తన తమ్ముడి కూతురి గురించి అరగంట చెప్పాడు. బీఎస్సీ అట, ఎత్తుకి తగ్గ లావట. కల్లం మీద కొత్త గడ్డి వాసనలో కూర్చుని ఇద్దరూ గోత్రాల దాకా వెళ్ళారు. నేను వాచీ చూసుకుంటూ నిలబడ్డాను.

కళింగపట్నం ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు. ఇప్పుడు దీపస్తంభం, బీచికొచ్చే జనం, ఎండు చేపల వాసన. వదిన సముద్రం వైపు వెళ్ళదు. ఏరు సముద్రంలో కలిసే పక్కకి వెళ్ళి, చీర కుచ్చిళ్ళు ఎత్తి, చీలమండల దాకా ఏట్లో నిలబడుతుంది. ఆవిడ పుట్టింది హిరమండలం దగ్గర పల్లెలో, ఇదే ఏటి ఒడ్డు. “మా ఊరి నీళ్ళు ఇందాక నడిచొచ్చీసినాయి సూడు” అంటుంది. ఆ మాట అన్నప్పుడు నేను పక్కకి జరిగి ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తాను.

ఆ నీళ్ళతో జాగ్రత్త కూడా ఉండాలి. ఈ ఏరు పుట్టింది ఒడిశా కొండల్లో. ఇక్కడ ఎండ కాస్తున్నా అక్కడ కుండపోత పడితే గొట్టా బ్యారేజీ గేట్లెత్తుతారు, దిగువన చూస్తుండగానే ఇసుక మాయమవుతుంది. అందుకే జులై నుంచి అక్టోబరు దాకా మేం ఏటి పడకలోకి దిగం, గట్టు మీదే. ఎండాకాలంలో ఇంకో గొడవ. ఇసుక తవ్విన గోతుల్లో నీళ్ళు నిలిచి, పైకి మోకాలి లోతులా కనిపిస్తాయి. వదిన ముందు కర్ర దించి చూస్తుంది. ఒకచోట నా ఎత్తు కర్ర మొత్తం మునిగింది. ఆ రోజు నుంచి పాయ దాటాలంటే గేదెలు ఎక్కడ దాటుతున్నాయో చూసి అక్కడే దాటుతున్నాం.

ఇప్పుడు నా తెలివితక్కువతనం ఒకటి చెప్పాలి. ముఖలింగంలో మధుకేశ్వరుణ్ణి చూసుకుని (మధుకం అంటే ఇప్పచెట్టు, స్వామి ఇప్పచెట్టులో వెలిశాడని కథ), గంగరాజుల నాటి రాతిపని దగ్గర ఎక్కువసేపు గడిపేసి, ఆలస్యంగా గట్టు పట్టుకున్నాం. అయిదింటికి దిగువన ఒక పల్లె చేరాం. బడ్డీకొట్టు దగ్గర, “ఆఖరి బస్సు ఎన్నింటికండీ?” అని అడిగాను. “ఏడున్నరకి వత్తాదమ్మా” అన్నారు. ఇంకేం, అంత టైముందని చోడి అంబలి తాగి, రేవు దగ్గర కూర్చుని కబుర్లు చెప్పుకున్నాం. బస్సు చెప్పిన టైముకే వచ్చింది. జనం దిగారు, డ్రైవరు ఇంజను ఆపాడు, కండక్టరు సంచిలోంచి లుంగీ బయటికి తీశాడు. అది నైట్ హాల్ట్ బస్సు! మళ్ళీ కదిలేది పొద్దున్న అయిదున్నరకి. టౌన్‌కి వెళ్ళే ఆఖరి బస్సు మేం అంబలి తాగుతుండగానే వెళ్ళిపోయిందట. బడ్డీకొట్టాయన అబద్ధం చెప్పలేదు, వచ్చే బస్సడిగితే వచ్చే బస్సే చెప్పాడు. నేను పోయే బస్సు అడగాల్సింది.

ఆ రాత్రి వదిన ఎక్కడెక్కడి చుట్టరికమో తవ్వి, వాళ్ళ పెదనాన్న మరదలి తరఫువాళ్ళ ఇంట్లో మాకు చాప వేయించింది. వేడన్నం, గోంగూర, చిన్న చేపల పులుసు. పొద్దున్న అదే బస్సులో, అదే కండక్టరు పళ్ళు తోముకుని వచ్చి సున్నా టికెట్లు కొట్టాడు. ఆ రెండూ సీసాలో అన్నిటికన్నా అడుగున ఉన్నాయి.

నాగావళి మీద కూడా ఒక లెక్క ఉంది. బలరాముడు నాగలితో చాలు తీస్తే ఆ ఏరు పుట్టిందనీ, ఒడ్డున అయిదు శివాలయాలు పెట్టాడనీ కథ. ఒడిశాలో పాయకపాడు, తర్వాత గుంప, సంగాం, శ్రీకాకుళం కోటేశ్వరుడు, సముద్రం దగ్గర కళ్ళేపల్లి. కోటేశ్వరుడు మా వీధి చివరే. కళ్ళేపల్లి వెళ్ళొచ్చాం. సంగాంలో నాగావళి, సువర్ణముఖి, వేగావతి కలుస్తాయి. 2022 ఏప్రిల్లో ఆ ఊరున్న వంగర మండలం విజయనగరం జిల్లాకి వెళ్ళిపోయింది కాబట్టి, అదిప్పుడు మాకు పరాయి జిల్లా. ఏళ్ళుగా మాదనుకున్న ఊరికి రాజాం మీదుగా బస్సు మారి చుట్టాల్లా వెళ్ళాలి. వచ్చే ఆదివారం అక్కడికే అని నేను ఖాయం చేశాను.

నిన్న రాత్రి వదిన వచ్చి గుమ్మంలో నిలబడింది. “సంగాం ఎక్కడికీ పోదు కదమ్మీ, ఈ పాలి కూడా కళింగపట్నమే ఎల్దుమా?” అంది. ఎందుకంటే చెప్పదు. గట్టిగా అడిగితే, కొంగుతో మొహం తుడుచుకుంటూ అంది, “ఆ కల్లం కాడ పెద్దాయన ఆ పిల్ల ఫోటో తెత్తానన్నాడు.”