హోండా ఆర్‌ఏ272: నాలుగోసారి వేసిన తెలుపు

జూన్ రెండో వారం

పెట్టె విప్పాను. జపాన్ నమూనాల కంపెనీ టామియా వారి 1/20 కిట్టు, అంటే ప్లాస్టిక్ విడిభాగాలు అతికించి అసలు కారులో ఇరవయ్యో వంతు సైజులో కట్టే నమూనా. కారు హోండా ఆర్‌ఏ272, ఫార్ములా వన్ రేసు కారు. పూర్తయితే 20 సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. దీని మీద చాలా కాలంగా మనసు పడి ఉన్నాను. కట్టబోయేది 11వ నంబరు కారు. 1965 అక్టోబరు 24న మెక్సికో సిటీలో రిచీ గింథర్ నడిపి గెలిచిన కారు అది. జపాన్ కారుకు ఫార్ములా వన్‌లో అదే తొలి విజయం. గింథర్‌కు అదే మొదటిది, అదే చివరిది. మూడో స్థానం నుంచి బయలుదేరి, తొలి ల్యాపులోనే ముందుకు దూకి, 65 ల్యాపులూ ఆ స్థానాన్ని ఎవరికీ ఇవ్వలేదు. హోండా ఫార్ములా వన్‌లో అడుగు పెట్టింది 1964 ఆగస్టులో, జర్మనీలో. పదిహేను నెలలు తిరగకముందే ఈ గెలుపు.

విడిభాగాలన్నీ బల్ల మీద పరుచుకుని చూసినప్పుడే తెలిసిపోయింది, ఈ కారులో కష్టమంతా రంగు దగ్గరే ఉంటుందని. ఫార్ములా వన్ కార్ల మీద ప్రకటనలకు అనుమతి వచ్చింది 1968లో. అంతకు ముందు ఏ దేశపు కారుకు ఆ దేశపు రంగు: ఇంగ్లండుకు ఆకుపచ్చ, ఇటలీకి ఎరుపు, ఫ్రాన్సుకు నీలం. సోయిచిరో హోండా మొదట బంగారు రంగు కోరుకున్నారు. అది అప్పటికే దక్షిణాఫ్రికాకు చెంది ఉండటంతో ఏనుగు దంతపు తెలుపు, దాని మీద ఎర్రటి సూర్యుడు ఖాయమయ్యాయి. తర్వాతి కాలపు కార్లలో రంగు ఎక్కడైనా తేడాగా వచ్చినా దాని మీద ఏదో ఒక స్టిక్కరు పడుతుంది. ఇందులో ఆ వీలు లేదు. ముక్కు నుంచి తోక దాకా ఒంటి తెలుపు.

జూన్ చివర, జూలై మొత్తం: ఇంజిన్

రంగు జోలికి వెళ్లకుండా ముందు ఇంజిన్ పట్టుకున్నాను. రేసు కార్లలో ఇంజిన్‌ను మామూలుగా నిలువునా పెడతారు. హోండా వారు 12 సిలిండర్ల వీ ఆకారపు ఇంజిన్‌ను డ్రైవరు వీపు వెనుక అడ్డంగా పడుకోబెట్టారు. మొత్తం 1,495 సీసీ. పన్నెండుతో భాగిస్తే ఒక్కో సిలిండరుకు 125 సీసీ కూడా రాదు. మన వీధుల్లో తిరిగే స్కూటర్ల సిలిండర్లు పన్నెండు వరుసగా పేర్చితే అంత. ఒక్కో సిలిండరుకు నాలుగు వాల్వులు, అన్నీ కలిపి 48. చిన్న చిన్న సిలిండర్లను విపరీతమైన వేగంతో తిప్పి బలం రాబట్టే ఈ విద్య వారికి మోటారుసైకిల్ రేసుల్లో అబ్బింది.

ఇంజిన్ నెత్తిన గాలి పీల్చుకునే గరాటాలు పన్నెండు ఉంటాయి. కారును చూసినవారి కళ్లు మొదట పడేది వాటి మీదే. కిట్టులోని గరాటాల అంచు దాదాపు అర మిల్లీమీటరు మందం ఉంది. 1/20 లెక్కన అసలు కారులో అది ఒక సెంటీమీటరు అవుతుంది. నిజమైన గరాటా అంచు పలుచని రేకు. అందుకని ఒక్కోదాన్నీ లోపలి నుంచి అరగదీశాను. ఐస్‌క్రీమ్ పుల్లకు రెండు వైపులా అతుక్కునే టేపు వేసి గరాటాను నిలబెట్టాలి. దాని నోటికంటే కాస్త పెద్ద డ్రిల్లు బిట్టును యంత్రానికి బిగించకుండా వేళ్లతోనే నెమ్మదిగా తిప్పాలి. నాలుగైదు చుట్లు తిప్పి ఆపి, ఊది, వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడాలి. అంచు పలచబడే కొద్దీ ప్లాస్టిక్ గుండా వెలుతురు కనిపించడం మొదలవుతుంది. ఆ వెలుగు చుట్టూ సమానంగా వచ్చిందంటే అక్కడితో చాలు. ఇంకొక్క చుట్టు తిప్పితే చిట్లిపోతుంది. చివరగా 1500 నంబరు గరుకు కాగితాన్ని టూత్‌పిక్‌కు చుట్టి ఒక్కసారి లోపల తిప్పాను. రోజుకు రెండు చొప్పున ఆరు సాయంత్రాలు పట్టింది. వరుసగా పెట్టి చూస్తే పడిన శ్రమంతా మరిచిపోయాను.

తర్వాత స్పార్క్ ప్లగ్గు తీగలు. అసలు తీగ మందం ఏడు మిల్లీమీటర్లు అనుకుంటే 20తో భాగిస్తే 0.35. ఇయర్‌ఫోను లోపలి తీగ మరీ సన్నం, బొమ్మల సామగ్రిలో దొరికే తీగ మరీ లావు. మోటారు వైండింగ్ షాపుకు వెళ్లి అడిగాను. 28 గేజి ఎనామెల్ రాగి తీగ 0.376 మిల్లీమీటర్లు ఉంటుంది, సరిగ్గా సరిపోయింది. షాపాయన రెండు మీటర్లు తుంచి ఇచ్చి డబ్బులు వద్దన్నారు. ఇలాంటి పని చేసేవారికి నా సలహా: ఖరీదైన దిగుమతి తీగ కొనే ముందు ఒకసారి వైండింగ్ షాపు గడప తొక్కండి.

రంధ్రాలకు 0.4 మిల్లీమీటర్ల బిట్టు వాడాను, చేతి డ్రిల్లుతోనే. ముందు సూది మొనతో చిన్న గుంట పెట్టుకోకపోతే బిట్టు జారి విరుగుతుంది. అలా రెండు విరిగాక అలవాటు చేసుకున్నాను. తీగలను ముందే ఫొటోలు చూసుకుంటూ వంచి, అమర్చి, చివర్లో రంగు వేయాలి. రంగు వేశాక వంచితే వంపు దగ్గర పగిలి రాగి బయటపడుతుంది.

ఇంజిన్ మొత్తానికి ఒకే వెండి రంగు వేయకూడదని నా అభిప్రాయం. పోత పోసిన భాగాలు మసకగా, బూడిద కలిసిన వెండిలా ఉంటాయి. చెక్కి నునుపు చేసిన భాగాలు మెరుస్తాయి. మూడు రకాల వెండి వేసి, పైన బాగా పలచన చేసిన నలుపు ఎనామెల్ రంగు పోనిచ్చాను. మూలల్లో నిలిచినది ఉంచి, పైన పడినది దూదిపుల్లతో తుడిచేశాను. ఎగ్జాస్ట్ గొట్టాలకు ఉక్కు రంగు, ఇంజిన్‌కు దగ్గరగా తేనె రంగు, ఆ తర్వాత సన్నని నీలం పొర. నీలం ఎక్కువైతే పండుగ రంగులా ఉంటుంది, ఉందా లేదా అన్నట్టు ఉంటే చాలు.

ఆగస్టు: మొదటి మూడు తెలుపులు

రంగు కలపడం సులువుగానే అయింది. మీగడ తీసి పక్కన పెట్టుకుని దాన్ని చూస్తూ కలిపాను. తెలుపు 20 చుక్కలకు పసుపు ఒక చుక్క, టూత్‌పిక్ కొనకు అంటినంత గోధుమ రంగు. ప్లాస్టిక్ చెంచాల మీద వేసి పగటి వెలుతురులో పోల్చాను. ఈ కారు ఇప్పటికీ జపాన్‌లోని మోటెగిలో హోండా మ్యూజియంలో ఉంది. కానీ అక్కడి దీపాల కింద తీసిన ఫొటోల్లో ఒక్కోదాంట్లో ఒక్కో తెలుపు కనిపిస్తుంది. ఆరుబయట తీసిన ఫొటోలనే నమ్ముకున్నాను.

మొదటిసారి ఎయిర్‌బ్రష్‌తో, అంటే కంప్రెసర్ గాలితో రంగును సన్నగా చల్లే పరికరంతో, వేసిన పది నిమిషాలకే మెరుపు పోయి, ముగ్గు పిండి చల్లినట్టు పొడిబారింది. నేను ఉండేది విశాఖపట్నంలో, సముద్రానికి దగ్గరగా. ఆ రోజు గదిలో తేమ 84 శాతం. నేను వాడేది లాకర్ అనే త్వరగా ఆరే రకం రంగు. అందులో పలచన చేయడానికి కలిపే థిన్నర్ త్వరగా ఆవిరైపోతూ రంగు పొరను చల్లబరుస్తుంది. ఆ చల్లదనానికి గాలిలోని తేమ రంగు మీద చేరి దాన్ని తెల్లబరుస్తుంది. నల్ల రంగులో అయితే వెంటనే కనిపెట్టవచ్చు. తెలుపులో తెల్లబారితే ఏటవాలుగా చూస్తే తప్ప తెలియదు. అమ్మ తలుపు దగ్గర నిలబడి, "అప్పడాలు మెత్తబడిపోయే గాలి ఇది. దీనికి రంగు ఎలా ఆరుతుంది నాన్నా?" అంది. అమ్మ చెప్పింది అక్షరాలా నిజం.

రంగు తీసేయడానికి బాడీని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో రాత్రంతా నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దాను. ఒక హెచ్చరిక: పెయింటు షాపుల్లో దొరికే ఎన్‌సీ థిన్నర్ ఎయిర్‌బ్రష్ కడగడానికి చక్కగా పనికొస్తుంది. దాన్ని ప్లాస్టిక్ మీద పోస్తే మాత్రం బాడీ కరిగి ముద్దవుతుంది.

రెండోసారి వేసేటప్పుడు కంప్రెసర్ గొట్టంలో చేరిన నీరు చుక్కలుగా రంగులో పడింది. గాలి గొట్టానికి నీటిని పట్టే ఫిల్టరు ఉంది, కానీ అది అప్పటికే నిండిపోయింది. ఇప్పుడు ప్రతి పదిహేను నిమిషాలకోసారి దాన్ని ఖాళీ చేస్తున్నాను.

మూడోసారి తెల్లబారలేదు, చుక్కలు లేవు. అయినా తీసేశాను. ఎందుకో చెప్పాలి. ఆర్‌ఏ272 శరీరం అల్యూమినియం రేకులతో రివెట్లు కొట్టి కట్టినది. కిట్టులో ఆ రివెట్లు ఆవగింజలో పదో వంతు ఉంటాయి. కాక్‌పిట్ (డ్రైవరు కూర్చునే చోటు) పక్కన ఉన్న వరుసను భూతద్దంలో చూశాను. తెలుపు బాగా నిండాలన్న తొందరలో ఐదు పొరలు వేయడంతో రివెట్లు రంగులో మునిగి చిన్న ఉబ్బుల్లా మిగిలాయి. రెండు మీటర్ల దూరం నుంచి చూసేవారికి అది తెలియదు. కానీ ఈ కారును చేతులతో కట్టినవారు ఒక్కో రివెట్టూ కొట్టారు. దాన్ని రంగుతో పూడ్చేసి వదలడం నాకు ఇష్టం లేకపోయింది. మళ్లీ ఆల్కహాల్.

సెప్టెంబరు, అక్టోబరు

రంగు పని ఆపేశాను. వాన గాలి తగ్గేదాకా కాక్‌పిట్, చక్రాలు చూసుకున్నాను.

చూసినవాళ్లందరూ సీటు బెల్టు ఏదని అడుగుతున్నారు. 1965లో ఫార్ములా వన్ డ్రైవర్లు బెల్టు కట్టుకునేవారు కాదు. ఆ నిబంధన 1972లో వచ్చింది. కాబట్టి సీటు ఖాళీగానే ఉంటుంది. ఆ ఖాళీ సీటుకు చుట్టూ ఇంధనం ట్యాంకులు, వీపు వెనుకే వేడి ఇంజిన్. అమర్చేటప్పుడు వేళ్లు ఒక్క క్షణం ఆగిపోయాయి.

టైర్ల నడి మధ్య అచ్చు గీత ఉంటుంది. 400 నంబరు గరుకు కాగితంతో దాన్ని తీసేసి, రబ్బరు మెరుపు పోయేదాకా మొత్తం రుద్దాను. గుడ్‌ఇయర్ టైర్లకు కూడా ఫార్ములా వన్‌లో తొలి గెలుపు ఆ మెక్సికో రేసే.

రంగు కోసం ఒక పెట్టె తయారు చేసుకున్నాను. పాత థర్మాకోల్ పెట్టెలో ఒక మూల 40 వాట్ల బల్బు, పైన రెండు గాలి రంధ్రాలు, లోపల తేమ కొలిచే చిన్న మీటరు. బల్బు వేసిన అరగంటకు తేమ 50 శాతానికి దిగుతుంది. వేడి 40 డిగ్రీలు దాటనివ్వకూడదు, దాటితే ప్లాస్టిక్ వంకర పోతుంది. బల్బు థర్మాకోల్‌కు తగలకుండా చుట్టూ రేకు పెట్టాను, పెట్టెను వదిలి ఎక్కడికీ వెళ్లలేదు.

నవంబరు: నాలుగో తెలుపు

ఉదయం పదకొండు గంటలు, గదిలో తేమ 58 శాతం. కిందటిసారి చేసిన వాటిలో మూడు మార్చాను. అసలు రంగుకు ముందు వేసే అడుగు పూత ప్రైమర్. బూడిద రంగు ప్రైమర్ మీద తెల్ల ప్రైమర్ ఒక పలుచని పొర వేశాను, దాంతో పై రంగు తక్కువే చాలింది. మామూలు థిన్నర్‌కు బదులు నెమ్మదిగా ఆరే రకం కలిపాను, రంగు ఒక వంతుకు థిన్నర్ రెండు వంతులు. గాలి ఒత్తిడి 15 పీఎస్‌ఐ. మొదటి రెండు పొరలు మంచు పడినట్టు, కింది రంగు కనిపిస్తూనే ఉండాలి. మూడో పొర మాత్రమే తడిగా. ప్రతి పొర తర్వాత పదిహేను నిమిషాలు పెట్టెలో.

సాయంత్రం భూతద్దం పెట్టి చూశాను. రివెట్లు ఒక్కొక్కటిగా లెక్కపెట్టవచ్చు.

ఎర్ర సూర్యుడికి కిట్టులో నీటి స్టిక్కరు, అంటే నీటిలో నానబెట్టి అంటించేది, ఉంది. నా దగ్గర ఉన్న విడి షీటుతో పాత బాడీ ముక్క మీద ప్రయోగం చేశాను. ముక్కు అన్ని వైపులా వంపు తిరిగి ఉంటుంది కనుక అంచుల్లో ముడతలు వచ్చాయి. మెత్తబరిచే ద్రవం వేస్తే ముడతలు పోయాయి గానీ గుండ్రం చెదిరింది. అందుకే రంగుతోనే వేశాను. మాస్కింగ్ టేపును వృత్తాకారపు కట్టరుతో కోసి అతికించి, పైనుంచి నిలువుగా చూస్తూ గుండ్రంగా కనిపించేదాకా అంచులు సర్దాలి. ఆ తర్వాతి మెలకువ ముఖ్యం: ఎరుపు వేసే ముందు టేపు అంచు వెంట అదే మీగడ తెలుపు ఒకసారి వేయాలి. టేపు కిందికి ఏదైనా జారితే తెలుపే జారుతుంది, దారి మూసుకుపోతుంది, ఎరుపు లోపలికి పోదు. ఎరుపు పూర్తిగా ఆరకముందే, ఇరవై నిమిషాలకు, టేపును వెనక్కి మడిచి నెమ్మదిగా లాగాను. అంచు కత్తితో గీసినట్టు వచ్చింది. అమ్మను పిలిచి చూపించాను. "బొట్టు పెట్టినట్టుంది" అని చాలాసేపు చూసింది.

11 అంకెలకు మాత్రం కిట్టు స్టిక్కర్లే వాడాను, 30 సెకన్లు గోరువెచ్చని నీటిలో ఉంచి. పైన పారదర్శక లాకర్ రెండు పలుచని పొరలు, ఒక తడి పొర. పది రోజులు ముట్టుకోలేదు. తర్వాత 2000, 3000 కాగితాలు నీటితో, ఆపై పాలిషింగ్ పేస్టు, పాత బనీను గుడ్డ. అంచుల మీద, రివెట్ల మీద కాగితం వేయలేదు. అద్దంలా మెరిపించే ఉద్దేశం కూడా లేదు. 1965 నాటి రేసు కారుకు షోరూము మెరుపు నప్పదు.

ఇప్పుడు బల్ల మీద

ఇంజిన్ బాడీలో కూర్చుంది. పైకప్పు అతికించలేదు, తీసి చూడటానికి వీలుగా వదిలేశాను. మెక్సికో సిటీ సముద్రమట్టానికి 2,200 మీటర్లకు పైగా ఎత్తున ఉంటుంది. పలుచని గాలికి తగ్గట్టు ఇంధనం సర్దుకోవడంలో హోండా బృందం ఆ వారం అందరికంటే ముందుంది. గరాటాల పైన ఊదినప్పుడల్లా ఆ గాలి గుర్తుకొస్తుంది.

మిగిలినవి: గాలి అద్దం, రెండు వైపులా వెనక్కి చూసే అద్దాలు, ఎగ్జాస్ట్ చివర మసి. గాలి అద్దానికి సూపర్ గ్లూ వాడకూడదు, దాని ఆవిరికి పారదర్శకమైన ప్లాస్టిక్ మసకబారుతుంది. నీటితో కడిగితే పోయే తెల్ల జిగురు వాడతాను. చూసే అద్దాలకు అద్దంలా మెరిసే రేకు స్టిక్కరు కోసి పెట్టుకున్నాను, ఒక్కోటి నాలుగు మిల్లీమీటర్లు. ఆదివారం పొద్దున వెలుతురు బాగున్నప్పుడు వాటిని అంటిస్తాను.