మూత పెడితే ఆగుతుంది, తీస్తే నడుస్తుంది

జూన్ 1, ఆదివారం

దొరికింది! బోటు వెనక బిగించే మోటారులో మూడు వారాలుగా నన్ను ఏడిపిస్తున్న షార్టు ఈ రోజు మధ్యాహ్నం రెండున్నరకి దొరికింది. సూదిమొనంత నల్ల మచ్చ, అంతే. దాని కోసం 3,900 పెట్టి కొన్న సీడీఐ (ప్లగ్గులకి స్పార్క్ పంపే ఎలక్ట్రానిక్ పెట్టె), రెండు జతల ప్లగ్గులు, పదకొండు లీటర్ల పెట్రోలు, మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్ ఖర్చయ్యాయి. డ్రయ్యర్‌లో ఇప్పుడు చల్లగాలి మాత్రమే వస్తోంది.

మిగతా పనులు ఒక్క ముక్కలో చెప్పేస్తాను. ఇంపెల్లర్ (ఇంజనుని చల్లబరిచే నీటిపంపు రెక్కలు) మార్చాను, కార్బురేటర్ కడిగాను, గేర్ ఆయిల్‌లో నీళ్లు లేవు, రెండు సిలిండర్ల కంప్రెషన్ సమానంగా ఉంది. పాతికేళ్లు దాటిన 15 హెచ్‌పీ టూ స్ట్రోక్‌కి ఇది చాలా మంచి ఆరోగ్యం. తాడు రెండోసారి లాగితే స్టార్ట్ అవుతుంది. అవుతుంది కానీ నడవదు, అదే బాధ.

వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. మైపాడులో బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి. అక్కడ ఇంజన్లు బాగుచేసేవాళ్లకి ఏడాది మొత్తంలో తీరిక లేని రోజులు ఇవే, అందుకని నెల్లూరులో మా ఇంటి వెనకాల 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములో మోటారు దించి పరీక్షలు చేస్తున్నాను. రోహిణి కార్తె. రోళ్లు పగలడం సంగతి తెలియదు కానీ డ్రమ్ములో నీళ్లు పొద్దున పదికే స్నానానికి పనికొచ్చేంత వేడెక్కుతున్నాయి.

జబ్బు ఇదీ. ఇంజను పై మూత బిగించి ఐడిల్‌లో వదిలితే 14 నిమిషాలకి ఆగిపోతుంది. నేను రాసుకున్న అంకెలు: 14, 13, 15, 14. దగ్గదు, తడబడదు, స్విచ్ నొక్కినట్టు ఆగుతుంది. మూత తీసి చూస్తే స్పార్క్ ఉండదు అనుకున్నాను మొదట. నిజానికి చూడలేదు. ఆగగానే మూత తీసి, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉందని ఫ్యాను పెట్టి, పాతిక నిమిషాలు ఆగి, తర్వాత లాగేవాణ్ణి. స్టార్ట్ అయ్యేది. చల్లారితే నడుస్తోంది కదా, వేడికి సీడీఐ పోతోంది అని తీర్మానించుకున్నాను. ఒడ్డున ఎవర్ని అడిగినా ఇదే మాట చెబుతారు. "కాయిల్ కాదంటే సీడీఐ, సీడీఐ కాదంటే కాయిల్." మీటరు పెట్టి చూసే ఓపిక ఎవరికీ లేదు. ఆ తొందరలో నేనూ వాళ్లకేం తీసిపోలేదని తర్వాత తెలిసింది.

సీడీఐ కొనేముందు ఒక అనుమానం తీర్చుకోవాల్సి వచ్చింది. డ్రమ్ములో నడిపేవాళ్లకి తెలిసే ఉంటుంది, ఎగ్జాస్ట్ నీళ్లలోంచే వస్తుంది కాబట్టి కాసేపటికి ఇంజను తన పొగ తనే పీల్చి ఊపిరాడక ఆగుతుంది. అదేనేమో అని టైమింగ్ లైటు (స్పార్క్ వచ్చినప్పుడల్లా మెరిసే లైటు) క్లిప్పు ప్లగ్ వైరుకి తగిలించి కూర్చున్నాను. పొగకి ఆగితే లైటు చివరిదాకా కొట్టుకుంటూ, ఇంజనుతో పాటు నెమ్మదించాలి. ఇక్కడ ఇంజను 900 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుండగానే లైటు రెండు మూడు సార్లు ఎగిరి ఆరిపోయింది, ఇంజను ఆ తర్వాత ఆగింది. అంటే కరెంటు వైపే. అక్కడిదాకా బుద్ధిగానే ఉన్నాను.

మే 18న కొత్త సీడీఐ వేశాను. 14 నిమిషాలు.

సీడీఐకి కరెంటు ఇచ్చే చార్జ్ కాయిల్ 312 ఓమ్స్, స్పార్క్ ఎప్పుడు కొట్టాలో చెప్పే పల్సర్ కాయిల్ 104. వేడిగా ఉన్నప్పుడు 338, 112. వేడికి రాగి రెసిస్టెన్స్ ఆ మాత్రం పెరుగుతుంది, అందులో తప్పేమీ లేదు. హెయిర్ డ్రయ్యర్‌తో పాత సీడీఐని పావుగంట కాల్చాను, మూత తీసే ఉంచి. ఇంజను హాయిగా నడిచింది. కాయిల్‌ని కాల్చాను. నడిచింది. డ్రయ్యర్ అక్కడ కన్నుమూసింది. అయినా నాకు బుద్ధి రాలేదు. మూత తీసి ఉంటే నలభై నిమిషాలైనా నడుస్తోంది కదా, అయితే గాలి తగిలి చల్లగా ఉంటోంది కాబోలు అనుకున్నాను. ముందే ఒక అభిప్రాయానికి వచ్చేస్తే కనబడేదంతా దానికి సాక్ష్యంలాగే తోస్తుంది.

మే 21, బుధవారం రాత్రి మైపాడు తమ్ముడికి ఫోన్ చేశాను. ఈ మోటారు అతని బోటుకే పెట్టాలి. "ఏందన్నా, ఆగంగానే మూత ఎత్తి అప్పుడే ఎందుకు లాగి చూళ్లా నువ్వు? ఊరికే ఫ్యాన్లు పెట్టుకోని కూర్చోని ఉండావే" అన్నాడు. నిజమే కదా! మర్నాడు ఆఫీసు నుంచి వచ్చి అదే పని చేశాను. 14వ నిమిషంలో ఆగింది, పది సెకన్లలో మూత తీశాను, తాడు లాగాను. ఒక్క లాగుకే స్టార్ట్. ఇంజను ఇంకా కాలుతూనే ఉంది. పాతిక నిమిషాల ఫ్యాను గాలి కాదు, మూత ఎత్తడమే దాని మందు. నేను ప్రతిసారీ రోగాన్ని నా చేత్తోనే తీసేసి, తర్వాత రోగం కోసం వెతుకుతున్నాను.

ఇక అనుమానమంతా తెల్ల వైరు మీదికి వెళ్లింది. స్టాప్ బటనూ, చేతికి కట్టుకునే ఎర్ర తాడు క్లిప్పూ రెండూ ఆ ఒక్క వైరునే బాడీకి కలిపి స్పార్క్ చంపుతాయి. అది దారిలో ఎక్కడైనా బాడీకి తగిలితే ఇంజనుకి మనం బటన్ నొక్కినట్టే. బుల్లెట్ కనెక్టర్ దగ్గర తెల్ల వైరు విడదీసి, మూత బిగించి నడిపాను. గంటా ఐదు నిమిషాలు నడిచింది, చోక్ లాగి ఆపాల్సి వచ్చింది. డ్రమ్ములో కాబట్టి సరిపోయింది, స్టాప్ లేని ఇంజనుతో నీళ్ల మీదికి వెళ్లడం పిచ్చి పని.

సంతోషంగా మీటరు పెట్టాను. బటన్ వైపు తెల్ల వైరుకీ బాడీకీ మధ్య ఓపెన్, అంటే ఎక్కడా తగలడం లేదు. వైరు కదిలించాను, ఓపెన్. లాగాను, మెలితిప్పాను, ఓపెన్. మీటర్ల గురించి నా మాట: ఖరీదైన ఫ్లూక్ ఉంటే అదృష్టమే, లేకపోయినా పసుపుపచ్చ చవక మీటరు ఓమ్స్ చూడటానికి చాలు. ఈ పనికి మాత్రం వైర్లు తగిలితే కూసే బజర్ మోడ్ నమ్మొద్దు, కొన్ని పదుల ఓమ్స్ దాటితే అది నోరు మెదపదు.

అసలు చిక్కు వేరే. ఓమ్స్‌లో మీటరు బయటికి పంపేది రెండు మూడు వోల్టులు. సీడీఐ లోపలి కెపాసిటర్ చార్జ్ అయ్యేది 200 నుంచి 300 వోల్టుల దాకా. తెల్ల వైరు కూర్చునేది ఆ వైపే, అది ముట్టుకుని ఒకసారి ఎగిరిపడ్డాను కూడా. రెండు వోల్టులకి దాటని పలుచని పొర 250 వోల్టులకి దాటుతుంది. అందుకని మిల్లు నుంచి మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీ పెట్టి ఇన్సులేషన్ కొలిచే మీటరు, అంకె ఎంత పెద్దదైతే అంత మంచిది) అడిగి తెచ్చాను, 250 వోల్టుల రేంజ్ ఉన్నది. సీడీఐ ప్లగ్గులన్నీ పీకాకే మెగ్గర్ తిప్పండి, లేకపోతే మీరూ నాలాగే 3,900 పెట్టాల్సి వస్తుంది.

చల్లగా, మూత లేకుండా: 100 మెగాఓమ్స్ పైన.
చల్లగా, మూత బిగించి: 0.8 మెగాఓమ్స్.

ఈ రెండో అంకె చూసి లేచి నిలబడ్డాను. మూత బిగించాక కొలవడానికి సన్నటి వైరొకటి పెట్రోలు ట్యూబు వచ్చే రబ్బరు కన్నంలోంచి బయటికి తీశాను, ఆ ఆలోచన ముందే వచ్చుంటే మే నెల మిగిలేది. తర్వాత వేడి మీద చూశాను. తెల్ల వైరు విడదీసే ఉంచి 15 నిమిషాలు నడిపి, ఆపి (నడుస్తుంటే ఇగ్నిషన్ గోలకి మీటరు అంకెలు పిచ్చెక్కినట్టు ఎగురుతాయి), మామూలు మీటరు పెట్టాను. 4.6 ఓమ్స్. మూత క్లిప్పు వదులు చేశాను: ఓపెన్. బిగించాను: 4.6. దీన్ని పదిసార్లు చేసుంటాను, ఊరికే, సరదాకి.

ఇక్కడ మళ్లీ ఒక తప్పు చేశాను. పాత యజమాని ఎవరో బటన్ వైరుకి 22 సెంటీమీటర్ల ముక్క అతికాడు. మెలి తిప్పిన జాయింటు, పైన జిగురు కారిపోయిన ఇన్సులేషన్ టేపు. ఇదే దొంగ అనుకుని మే 25న కోసి కొత్తగా కలిపాను. 16 నిమిషాలు నడిచి ఆగింది. రెండు నిమిషాలు పెరిగిందని ఇంట్లో గొప్పలు చెప్పుకున్నాను, సిగ్గులేకుండా.

మూత లోపల పక్కటెముకల్లాంటి గట్లు ఉంటాయి. వాటిలో ఏది దేన్ని తొక్కుతోందో మూత మూసి ఉండగా కనబడదు. ఈ రోజు కుంకుమలో నాలుగు చుక్కల కొబ్బరినూనె కలిపి గట్లన్నిటికీ పూశాను. "ఏమండీ, ఆయుధ పూజకి ఇంకా నాలుగు నెలలుంది" అని వంటింట్లోంచి మా ఆవిడ. మూత బిగించి, క్లిప్పు వేసి, తీసి చూశాను. మూడు చోట్ల ఎర్ర మరక. ఒకటి రబ్బరు సీలు మీద, అది ఉండాల్సిందే. రెండోది ఖాళీ బోల్టు తల మీద. మూడోది తెల్ల వైరు మీద, బటన్ నుంచి సరిగ్గా 9 సెంటీమీటర్ల దూరంలో, మూత కొక్కెం బ్రాకెట్ అంచు దాటే చోట.

కంపెనీ దారి ప్రకారం వైరు ఆ బ్రాకెట్ కిందుగా పోవాలి. అతికిన ముక్క పొట్టిదై, పైనుంచి లాగి బిగించేశారు. పైగా అది ఇంటి వైరింగ్‌కి వాడే వైరు. మామూలు పీవీసీ 70 డిగ్రీల దాకా అంటారు. 14వ నిమిషానికి బ్రాకెట్ మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ 63 చూపించింది. ఆ వేడికి మెత్తబడిన తొడుగుని పైనుంచి గట్టు నొక్కుతుంటే, కింద నుంచి బ్రాకెట్ అంచు దిగబడి రాగిని తాకుతోంది. మూత ఎత్తగానే వైరు పైకి లేచి కన్నం మూసుకుంటోంది. భూతద్దంలో చూస్తే కన్నం చుట్టూ బొగ్గులా నల్లగా ఉంది, రోజూ స్పార్క్ కొట్టిన గుర్తు. 14 నిమిషాలే ఎందుకంటే అంత వేడెక్కడానికి పట్టే టైమ్ అదే అనుకుంటున్నాను. 16 వచ్చిన రోజు సాయంత్రం గాలి బాగా తోలింది, దానివల్ల కావచ్చు.

ఆ ముక్క మొత్తం తీసి పారేశాను. టిన్ పూత ఉన్న, 105 డిగ్రీల బోటు వైరు అర మీటరు ఉంటే అది వేసి బ్రాకెట్ కిందుగా పంపాను. జాయింటుకి టంకం వేయలేదు. అదురుడు ఉన్న చోట టంకం ఆగిన అంచు దగ్గర వైరు గట్టిపడి తెగుతుందని నా నమ్మకం. క్రింపు వేసి (నొక్కి బిగించి), లోపల జిగురుండే హీట్ ష్రింక్, అంటే వేడికి బిగుసుకునే గొట్టం, తొడిగాను. డ్రయ్యర్ లేదు కాబట్టి కొవ్వొత్తితో. అందరూ డబ్ల్యూడీ-40 కొట్టమంటారు. దాని పేరులోని డబ్ల్యూడీ అంటేనే నీళ్లను తోసేసేది అని. తడిసిన ఇంజను ఆరబెట్టడానికి బంగారం. ఉప్పుగాలి నుంచి ఏడాది పాటు కనెక్టర్‌ని కాపాడమంటే మాత్రం దాని పని కాదు, అక్కడ డైఎలక్ట్రిక్ గ్రీజు పెట్టాను.

సాయంత్రం మూత బిగించి 55 నిమిషాలు నడిపాను. నేనే బటన్ నొక్కి ఆపాను. ఆ బటన్ నొక్కడంలో ఉన్న సుఖం చెప్పలేను.

అయినా ఒకటి మనసులో పీకుతోంది. మెగ్గర్ ఇప్పుడు మూత ఉన్నా లేకపోయినా 6 మెగాఓమ్స్ చూపిస్తోంది. నడవడానికి అది చాలు. కానీ మొదటిసారి కొలిచినప్పుడు మూత లేకుండా 100 పైన ఉండేది కదా. ఈ మధ్యలో నేను ముట్టుకున్నది కొత్త వైరు, బటన్ రబ్బరు టోపీ. టోపీ తీసినప్పుడు లోపల తెల్లటి ఉప్పు పొడి రాలింది. తడిగుడ్డతో తుడిచాను, ఉప్పుని నీళ్లతో కలిపి లోపలికి పంపానేమో. వచ్చే ఆదివారం బటన్ విడదీసి వేరుగా కొలవాలి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి మళ్లీ కొలవాలి.

దాని తర్వాత లైట్ల లైను. లైటింగ్ కాయిల్ మీద 12 వోల్టులు 80 వాట్లని ఉంది, కానీ ఎవరో రెక్టిఫయర్ (ఏసీని డీసీ చేసేది) లేకుండానే ఎల్ఈడీ తగిలించారు, అది ఎప్పుడో మాడిపోయింది. చిన్న బ్యాటరీ, రెగ్యులేటర్ రెక్టిఫయర్, బ్యాటరీ పక్కనే 10 ఆంప్స్ ఫ్యూజు పెట్టాలని ఉంది. ఆ వైర్లు కూడా అదే బ్రాకెట్ మీదుగా పోతున్నాయి, ఇప్పుడే చూశాను.

జూన్ 15 తర్వాత మైపాడు తీసుకెళ్తాను. మొదటిరోజు సముద్రంలోకి వద్దు, బకింగ్‌హామ్ కాలువలో అటూ ఇటూ ఓ గంట తిప్పుదామని తమ్ముడితో చెప్పాను. "మూత పెట్టే కదా అన్నా?" అన్నాడు. మూత పెట్టే. తెడ్డు ఒకటి కూడా బోట్లో వేసుకురమ్మన్నాను.