‘సందు’ మూడో సంచిక: సున్నా ఊడిపోయింది

‘సందు’ నేను చేత్తో తయారుచేసే బుల్లి పత్రిక, అంటే జీన్. మొదటి రెండు సంచికలూ ఒక్కో ఏ4 కాగితంతో సరిపోయాయి. మడతలు పెట్టి నడుమ ఒక గాటు కోస్తే ఎనిమిది పుటల బుల్లి పుస్తకం, కుట్టు అక్కర్లేదు. ఈసారి ఆశ పెరిగింది. నల్లగొండ గడియారం చౌరస్తా చుట్టుపక్కల సందుల్లో మిగిలిన చేతిరాత బోర్డుల మీద రాయడం మొదలుపెడితే బొమ్మలతో కలిపి 16 పుటలు తేలింది.

అంటే నాలుగు కాగితాలు, రెండువైపులా అచ్చు, మధ్యకు మడత. ఏ పుట పక్కన ఏది రావాలో తేల్చడానికి ఒక కిటుకు ఉంది: కాగితం ఒకవైపున ఉండే రెండు పుటల అంకెలు కలిపితే 17 కావాలి. 16 పక్కన 1, దాని వెనుక 2 పక్కన 15. ఇంత లెక్క వేసుకుని వెళ్లి, కాగితాన్ని పొట్టి అంచు మీదుగా తిప్పాలని జిరాక్సు దుకాణంలో చెప్పడం మరిచాను. మొదటి పది ప్రతుల్లో వెనుకవైపు పుటలన్నీ తలకిందులు. నలభై కాగితాలు చిత్తుకు పోయాయి.

అట్టకు పెళ్లికార్డుల దుకాణంలో మిగిలిన పసుపు కాగితం దొరికింది. దాని మీద పేరు స్టెన్సిల్‌తో, అంటే అక్షరాల ఆకారంలో కోసిన రేకు మీద రంగు అద్ది, వేయాలనుకున్నాను. అమ్మ మోకాలి పాత ఎక్స్‌రే ఫిల్ము తీసుకున్నాను (అడగలేదు). నీటికి నానదు, అంచు చిరగదు. ‘సందు’ అని రాసి బ్లేడుతో కోస్తూ పోయాను. సున్నా చుట్టూ కోత పూర్తికాగానే లోపలి ముక్క ఊడి ఒళ్లో పడింది. రంగు అద్ది చూస్తే అది సున్నా కాదు, నల్లటి బొట్టు. గుండ్రాలు నిండిన మన లిపితో స్టెన్సిల్‌కు ఎప్పుడూ ఇదే పేచీ.

బోర్డులు రాసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఫ్లెక్సీలు వచ్చాక ఆయనకు పని తగ్గింది, ఓపిక తగ్గలేదు. “గాలిలో ఎట్లా నిలబడుతుంది బిడ్డా? రెండు పుల్లలు ఆనించు” అన్నారు. లోపలి ముక్కను బయటి ఫిల్ముకు కలిపే సన్నటి పట్టీలు వదలాలని అర్థం. ఏటవాలుగా, రెండు మిల్లీమీటర్ల వెడల్పున వదిలాను. సున్నా నిలబడింది. రంగును మాత్రం స్పాంజి బాగా పిండి, తట్టి వేయాలి. రుద్దితే ఫిల్ము కిందికి పాకుతుంది. ఏడు అట్టలు పాడయ్యాక నా చేయి కుదిరింది.

మామూలు స్టాప్లర్ నడిమి మడత దాకా అందదు. అందుకని దబ్బనంతో మడత వెంట మూడు రంధ్రాలు పొడిచి కుట్టాను. నడిమి రంధ్రంలోంచి బయటికి, పైదానిలోంచి లోపలికి, కిందిదానిలోంచి బయటికి, మళ్లీ నడిమిదానిలోంచి లోపలికి. లోపలి పొడుగు కుట్టుకు చెరోపక్క ఒక కొస ఉండేలా ముడి. నూలు పోచంపల్లిలో మగ్గమున్న స్నేహితుడి ఇంటిది, ఇక్కత్‌కు అద్దకం వేసినది కాబట్టి జానెడుకోసారి రంగు మారుతుంది. అలా ఏ రెండు ప్రతుల కుట్టూ ఒకేలా లేదు. ఇది నేను తలపెట్టింది కాదు, కానీ సంచికలో నాకు బాగా నచ్చింది ఇదే.

జీన్ అంటే ఏమిటని అడుగుతున్నారు. అమెరికాలో సైన్స్ ఫిక్షన్ అభిమానుల నోట 1940లో పుట్టిన ‘ఫ్యాన్‌జీన్’ అనే మాటకు మిగిలిన తోక అది. నేనైతే లిఖిత పత్రిక అనే చెబుతాను, వెంటనే అర్థమవుతుంది. షబ్నవీసు వెంకట రామనరసింహారావు 1922లో నీలగిరి పత్రిక పెట్టింది ఈ ఊళ్లోనే. దానితో నా మడత కాగితాలకు పోలిక లేదు గానీ, పత్రిక తేవాలంటే హైదరాబాదు వెళ్లాలనే వాళ్లకు ఆ సంవత్సరం గుర్తుచేస్తుంటాను.

ప్రతికి పన్నెండు రూపాయలు పడింది, పదిహేనుకు ఇస్తున్నాను. ముప్పై కుట్టాను, పదకొండు పోయాయి. మొదటిది పెద్దాయనకే. ఆయన పుటలు తిప్పలేదు, అట్టను వెలుతురుకు ఎత్తి సున్నానే చూశారు. “ఎడమ పుల్ల లావైంది” అన్నారు.

ఇంకో ఎక్స్‌రే కావాలి. ఈసారి అమ్మను అడగాలి.