మంచం దిగకముందే
మా ఒంగోలు ఇంట్లో నేలంతా చీమకుర్తి గ్రానైట్ రాయి. పొద్దున లేచి కుడికాలు దాని మీద మోపితే మడమలో మేకు దిగినట్టుండేది. గోడ పట్టుకుని పది అడుగులు కుంటితే సర్దుకునేది. బట్టల కొట్టులో రోజంతా నిలబడి, సాయంత్రం కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ అదే పోటు. అమ్మ వాతమంది. కానీ ఈ వరసే ప్లాంటార్ ఫాసియైటిస్ అనే మడమనొప్పికి అసలు గుర్తు.

మడమ ఎముక అడుగు నుంచి కాలివేళ్ల మొదళ్ల దాకా ఒక దళసరి పట్టీ ఉంటుంది, అరికాలి వంపును పట్టి ఉంచేది అదే. ఎముకకు అంటుకునే చోట లాగుడు ఎక్కువై దెబ్బతింటుంది. కాలివేళ్లను పైకి విరిచిపట్టి మడమకు లోపలివైపు, కాస్త ముందుగా నొక్కితే ప్రాణం లేచిపోయినట్టయింది.

ఎక్స్‌రేలో ఎముక ముల్లు కనబడగానే ఆపరేషనేమోనని హడలిపోయాను. అక్కర్లేదు. నొప్పే లేనివాళ్లకూ ఆ ముల్లు ఉంటుంది, నొప్పి పోయాకా ఉంటుంది.

నాకు బాగా పనిచేసింది మంచం దిగకముందు చేసేదే. నొప్పి కాలిని రెండో మోకాలి మీద వేసుకుని, వేళ్లన్నీ కలిపి పట్టి ముంగాలి వైపు లాగాలి. రెండో చేత్తో అరికాలు తడిమితే పట్టీ బిగించిన నులకతాడులా తగలాలి. తగల్లేదంటే సరిగా లాగనట్టే. 10 సెకన్ల చొప్పున 10 సార్లు, రోజుకు 3 పూటలు. పిక్క బిగుసుకున్నా పట్టీ మీదే భారం పడుతుంది. అందుకని గోడకు చేతులానించి, ఆ కాలు వెనక్కిపెట్టి, మోకాలు వంచకుండా 30 సెకన్లు, 3 సార్లు. మడమ లేచినా, పాదం పక్కకు తిరిగినా పిక్క సాగదు.

పోటు కొంత తగ్గాక మెట్టు అంచున, వేళ్ల కింద చుట్టిన తువ్వాలు పెట్టి మడమలు లేపాలి. 3 సెకన్లు పైకి, 2 ఆగి, 3 కిందికి, 12 సార్లు. ఆత్రంకొద్దీ రోజూ చేస్తే నొప్పి తిరగబెట్టింది. రోజు విడిచి రోజు చాలు.

మెత్తటి రబ్బరు అడుగుండే ఎంసీఆర్ చెప్పులు ఇంట్లోనూ వేసుకోవాలి. "ఇంట్లో చెప్పులేందిరా" అంది అమ్మ. ఇంటికని వేరే జత కొన్నాక ఊరుకుంది. సాయంత్రం గడ్డకట్టిన నీళ్లసీసాకు గుడ్డ చుట్టి 10 నిమిషాలు అరికాలి కింద దొర్లిస్తే హాయి. కాల్చిన ఇటుక మీద జిల్లేడాకు వేసి కాపడం పెట్టేవాళ్లున్నారు. షుగరుతో పాదాలు మొద్దుబారినవాళ్లు మాత్రం దాని జోలికే పోవద్దు, కాలినా తెలియదు. జిల్లేడు పాలు కంట్లో పడినా చేటే.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు ఉపశమనమిస్తుంది. పట్టీ తెగే, మడమ కొవ్వు పలచబడే ప్రమాదం ఉంది కాబట్టి నేను వేయించుకోలేదు.

పాదం తిమ్మిరెక్కినా, పడుకున్నా నొప్పి వదలకపోయినా, మడమను రెండు పక్కల నుంచి పిండితే ఓర్చుకోలేకపోయినా, వాపుతో జ్వరం వచ్చినా ఇవేవీ చేస్తూ కూర్చోకుండా ఎముకల డాక్టరుకు చూపించుకోవాలి. రెండు మడమలూ నొప్పి, పొద్దున నడుం బిగుసుకుపోవడం కలిసి ఉంటే అది కీళ్ల జబ్బు కావచ్చు.

రెండు వారాల్లో తేడా కనబడదు, చాలామంది అక్కడే మానేస్తారు. నాకు మూడో నెలలో కుంటడం పోయింది, పూర్తిగా తగ్గడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఇప్పటికీ పండగ బేరాలకు ఎక్కువ నిలబడితే మర్నాడు మడమ కాస్త లాగుతుంది. ఆ పూట చెప్పులు మంచం పక్కనే ఉంటాయి.