సాలిగ్రామంలో దొరికిన ఎనిమిది ఫేడర్లు

పోయిన నెల రెండో శనివారం చెన్నైలోనే సాలిగ్రామం పోయి ఒక సెకండ్ హ్యాండ్ కంట్రోల్ సర్ఫేస్ తెచ్చుకున్నా. ఎనిమిది ఛానల్ ఫేడర్లు (సౌండ్ పెంచడానికీ తగ్గించడానికీ పైకీ కిందకీ జరిపే పిడులు), చివర్లో ఒక మాస్టర్ ఫేడర్, ఒక్కో ఛానల్ ఫేడర్ పైన తిప్పే నాబ్, కుడిపక్క ప్లే, స్టాప్, రికార్డ్ బటన్లు. ఇంటికి తేగానే మా వదిన చూసి మైక్ ఇందులో ఎక్కడ గుచ్చాలి అని అడిగింది. గుచ్చేది ఏమీ లేదు వదినా, దీంట్లోంచి సౌండ్ అసలు పోనే పోదు, కంప్యూటర్లో ఉన్న మిక్సర్‌ని చేత్తో పట్టుకోడానికి ఇదొక పిడి అన్నమాట అని చెప్పా. చాలామంది మిక్సర్ అనుకునే కొని తర్వాత బాధపడతారు కాబట్టి ఆ ముక్క ముందే చెప్తున్నా.

ఎందుకు కొన్నానంటే, విరుగంబాక్కంలో మా ఇంట్లో పది బై పదకొండు గది ఒకటి ఉంది, అందులో వదిన పాడే కీర్తనలు రికార్డ్ చేస్తుంటా, గొంతు, తంబూర, వయొలిన్, మృదంగం, అంతకంటే పెద్దగా ఏం ఉండదు. ఆర్కాట్ రోడ్డు చప్పుడు తగ్గాక రాత్రి పదింటికి మొదలుపెడతాం. వదిన పల్లవి మంద్రంలో మెల్లగా ఎత్తుకుంటుంది, అనుపల్లవికి వచ్చేసరికి గొంతు పైకి లేచిపోతుంది, ఆ తేడా మొత్తం కంప్రెసర్ (పెద్ద సౌండ్‌ని తనంతట తనే అణిచేది) మీద వేసేస్తే గమకం చివర్లో ఉండే ఆ సన్నటి ఊపు నలిగిపోతుంది. కాబట్టి లైను లైనుకీ వాల్యూమ్ చేత్తో సర్దాలి. మౌస్‌తో ఆ పని రెండేళ్ళు చేశా. స్క్రీన్ మీద ఒక గీత ఉంటుంది, దాని మీద చుక్కలు పెట్టి పైకీ కిందకీ లాగడం. ఒక రోజు రాత్రి ఒకే చరణం మీద గంటన్నర కూర్చున్నాక తెలిసొచ్చింది, నేను గీత చూసి గీత సర్దుతున్నా, పాట వినట్లేదు. కళ్ళు మూసుకుని ఆ పని చెయ్యాలంటే చేతి కింద ఫేడర్ ఉండాల్సిందే.

నేను కొన్నదాంట్లో ఫేడర్లకి మోటార్లు ఉంటాయి, సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్ ఎక్కడుంటే ఫేడర్ తనే అక్కడికి పోతుంది. అంతకుముందు మోటారు లేని చిన్న మిడి కంట్రోలర్ (మిడి అంటే మ్యూజిక్ పరికరాలు, కంప్యూటర్ మాట్లాడుకునే పద్ధతి) ఒకటి ఫ్రెండ్ దగ్గర తీసుకుని వాడి చూశా, కుదర్లేదు. దాంట్లో ఫేడర్ అడుగున ఉంటుంది, సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ పైన ఉంటుంది, వేలు పెట్టగానే సౌండ్ ఒక్క గెంతు గెంతుతుంది. పైగా మామూలు మిడి కంట్రోల్ మెసేజ్ అంటే 0 నుంచి 127 దాకా మెట్లే. కంట్రోల్ సర్ఫేస్‌లు సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడే భాషల్లో మాకీ కంట్రోల్ ఒకటి, అది మాట్లాడే డబ్బాల్లో ఫేడర్ పొజిషన్ పిచ్ బెండ్ అనే ఇంకో రకం మిడి మెసేజ్‌గా వెళ్తుంది, అందులో 14 బిట్లు, అంటే 16,384 మెట్లకి చోటుంది. నిజం ఫేడర్లు అన్ని మెట్లూ వాడవు గానీ 128 కంటే చాలా నయం, నెమ్మదిగా దించుతుంటే మెట్లు దిగినట్టు వినపడదు.

సెకండ్ హ్యాండ్‌లో వెతికేటప్పుడు నేను మొదట అడిగింది రేటు కాదు, అది ఏ భాష మాట్లాడుతుంది అని. నేను వాడే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రీపర్, దానికి మాకీ కంట్రోల్ అర్థమవుతుంది. ప్రో టూల్స్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకి మాత్రం మాకీ కంట్రోల్ అంటే చాలదు, హెచ్‌యూఐ మోడ్ ఉండాలి లేదా యూకాన్ ఉండాలి, ఇవి కూడా అలాంటి భాషలే. పాతవాటిలో కొన్నిటికి యూఎస్‌బీ ఉండదు, ఐదు పిన్నుల మిడి సాకెట్టే, అప్పుడు విడిగా మిడి ఇంటర్‌ఫేస్ కొనాలి. ఫైర్‌వైర్ అనే పాత రకం కేబుల్‌తో పనిచేసేవి చవగ్గా కనపడతాయి కానీ ఆ పోర్టు కొత్త ల్యాప్‌టాప్‌లలో లేదు, కొని ఏం చేసుకోవాలి. నేను తెచ్చుకున్నదాని కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇందులో వచ్చిన తేడా కంపెనీది కాదు, ఏళ్ళ తరబడి వాడకం వల్ల వచ్చింది.

అమ్మినాయన డబ్బింగ్ స్టూడియో నడిపేవారు, తెనాలి నుంచి వచ్చి ఈ ఊళ్ళో నలభై ఏళ్ళ పైన ఉన్నారట, ఇప్పుడు స్టూడియో తీసేసి కొడుకు దగ్గరికి వెళ్ళిపోతున్నారు. నేను ల్యాప్‌టాప్ బ్యాగు తీస్తుంటే, "చూసుకో బాబూ, తొందరేం లేదు, నీకు పనికొస్తేనే తీసుకో" అన్నారు. అలా అనేవాళ్ళ దగ్గర కొనాలనిపిస్తుంది.

ఇంటి దగ్గరే రీపర్‌లో 16 ఖాళీ ట్రాకులు పెట్టి తీసుకెళ్ళా, మొదటి ఎనిమిదీ పూర్తిగా కిందకి, తర్వాత ఎనిమిదీ పైకి. తర్వాతి ఎనిమిది ట్రాకుల్ని ఫేడర్ల కిందకి తెచ్చే బ్యాంక్ బటన్ నొక్కితే ఎనిమిది ఫేడర్లూ ఒకేసారి పైకి లేవాలి, వెనక్కి తెచ్చే బ్యాంక్ బటన్ నొక్కితే ఒకేసారి దిగాలి. ఒక్కొక్క ఫేడర్ విడిగా కదిపి చూస్తే అన్నీ బాగానే ఉన్నట్టు ఉంటాయి, ఎనిమిది మోటార్లు కలిసి లాగినప్పుడే అడాప్టర్ సత్తా తెలుస్తుంది. అడాప్టర్ సంగతి కూడా చూసుకోవాలి, బయటి దేశం నుంచి వచ్చినదైతే దాని మీద 120 వోల్టులు అని మాత్రమే రాసి ఉండొచ్చు, మన ప్లగ్గులో 230 ఉంటుంది. ఈయన అడాప్టర్ మీద 100 నుంచి 240 అని ఉంది, బతికిపోయా.

నొక్కా. టక్కుమని అన్నీ లేచాయి. ఆరోది మాత్రం పైకి పోయి ఆగకుండా గిర్రుమని సన్నగా వణికింది, రెండు మూడు సెకన్లు, తర్వాత ఆగింది.

ఆ వణుకు ఎందుకొస్తుందో చెప్తా, ఇది తెలిస్తే కొనేటప్పుడు భయపడాలా వద్దా అనేది మీకే తెలుస్తుంది. ఫేడర్ లోపల ఒక పట్టీ ఉంటుంది, ఫేడర్ ఇప్పుడు ఎక్కడుందో ఆ పట్టీ మీదే చదువుతుంది, చదివిన చోటుకీ వెళ్ళాల్సిన చోటుకీ తేడా ఉంటే మోటారు తిరుగుతుంది, తేడా పోతే ఆగుతుంది. పట్టీ మీద దుమ్ము పడినా అరిగినా చదివే అంకె నిలకడగా ఉండదు, ఒకసారి కొంచెం పైన అంటుంది ఇంకోసారి కొంచెం కింద అంటుంది, మోటారు పాపం రెండింటి మధ్యా పరిగెడుతుంటుంది. అంటే చాలాసార్లు మోటారు బాగానే ఉంటుంది, తేడా పట్టీలోనే. ఈ ఊళ్ళో సముద్రపు గాలి, తేమ, దుమ్ము మూడూ ఉన్నాయి, ఏళ్ళు వాడిన ఫేడర్‌కి ఇలా రావడం వింతేం కాదు.

మిడి మెసేజ్‌లు చూపించే చిన్న సాఫ్ట్‌వేర్ తెరిచి ఆరో ఫేడర్‌ని అడుగు నుంచి పై దాకా చాలా నిదానంగా తోశా. మిగతా వాటిలో అంకెలు వరసగా పెరుగుతూ పోయాయి, దీంట్లో మూడొంతులు పైకి వచ్చాక, సరిగ్గా సున్నా డీబీ (సౌండ్ పెంచకుండా తగ్గించకుండా ఉన్నదున్నట్టు పోయే చోటు) దగ్గర్లో, అంకె వెనక్కీ ముందుకీ ఎగిరింది. మిగతా దారంతా శుభ్రంగా ఉంది. ఆ ఒక్క చోటే ఎందుకు అని నేను అనుకునేలోపే ఆయన స్క్రీన్ చూసి చెప్పారు, "అది డైలాగ్ ఫేడర్ బాబూ. నా కుర్చీకి నా కుడిచెయ్యి సరిగ్గా అక్కడికి వచ్చేది. పదేళ్ళు ఆ చోటే ఆడించా."

టచ్ కూడా చూడాలి, నా లెక్కలో మోటారు కంటే ఇదే ముఖ్యం. వేలు తగిలిందని ఫేడర్‌కి తెలియాలి, తెలిసిన క్షణం మోటారు పట్టు వదిలెయ్యాలి. మాకీ భాషలో మొదటి ఫేడర్ పట్టుకుంటే నోట్ నంబర్ 104 వెళ్తుంది, అలా వరసగా మాస్టర్‌కి 112. తొమ్మిదీ పట్టుకుని వదిలి చూశా, తొమ్మిది నోట్లూ వచ్చాయి. ఈ టచ్ చచ్చిపోయిన ఫేడర్‌తో ఆటోమేషన్ (మనం కదిపిన కదలికల్ని సాఫ్ట్‌వేర్ గుర్తుపెట్టుకుని మళ్ళీ ఆడించడం) రాస్తుంటే మీ వేలు ఒకవైపు లాగుతుంది, మోటారు ఇంకోవైపు లాగుతుంది, అలాంటిది ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. గోరుతో తాకి చూసి పనిచెయ్యట్లేదు అనుకోకండి, వేలి చర్మం తగలాలి.

ఆయన 26 వేలు అన్నారు, ఆరో ఫేడర్ కారణంగా 21,500కి ఇచ్చారు, బేరం నేను ఎక్కువ లాగలేదు. కాఫీ తాగుతూ ఒక మాట చెప్పారు, ఆటోమేషన్ లేని రోజుల్లో రీల్ మిక్స్ చేసేటప్పుడు ముగ్గురు పక్కపక్కన కూర్చుని ఎవరి ఫేడర్లు వాళ్ళు పట్టుకునేవాళ్ళట, ఒకడు తప్పు చేస్తే అందరూ మళ్ళీ మొదటి నుంచి. "అందుకని వినడం వచ్చింది మాకు" అన్నారు.

ఇంటికొచ్చాక స్క్రూలు విప్పా. దుమ్ము బ్రష్‌తో, బ్లోయర్‌తో తీశా. తుప్పు వదిలించే స్ప్రేలు ఇంట్లో ఉంటాయి కదా అని అందులో కొట్టకండి, పట్టీ పాడైపోతుంది. వణుకు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు, అరిగిన చోటు అరిగిందే. రిచీ స్ట్రీట్‌లో ఫేడర్ కోసం మూడు షాపులు తిరిగా, అదే కొలత ఎక్కడా లేదు. చివరికి ఆరోదీ ఎనిమిదోదీ ఊడదీసి ఒకదాని చోట ఒకటి పెట్టా, దీంట్లో రెండూ ఒకే రకం, వైరు కూడా కనెక్టర్‌తోనే ఉంది కాబట్టి సోల్డరింగ్ అవసరం పడలేదు, కాలిబ్రేషన్ మాత్రం ఒకసారి చేశా. ఎనిమిదో ట్రాక్‌లో నాకు తంబూర ఉంటుంది, పాట మొదట్లో ఒకసారి పెడితే దాన్ని ఇంక ఎవరూ కదపరు. అది కూడా సున్నాకి బాగా కిందే ఉంటుంది, అరిగిన చోటు జోలికే పోదు.

డిస్‌ప్లేలో ఒక్కో ట్రాక్‌కి ఏడక్షరాలే పడతాయి, తెలుగు అక్షరాలు రావు. వదిన పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఏడుకి సరిపోయింది, మృదంగానికి కుదరక సగం చేశా.

ఆ రాత్రి పాత టేక్ ఒకటి తెరిచి, స్క్రీన్ ఆపేసి, ఆటోమేషన్ టచ్ మోడ్‌లో (ఫేడర్ పట్టుకున్నంతసేపే కదలికలు రాసుకునేలా) పెట్టి ఆరో ఫేడర్ మీద వేలు పెట్టా. వదిన గొంతు అక్కడే పెట్టుకున్నా, నా కుర్చీకి కూడా కుడిచెయ్యి అక్కడికే వస్తోంది. పల్లవి రెండోసారి వచ్చేటప్పుడు మాట చివర గొంతు సన్నబడే చోట ఒక్క వెంట్రుకవాసి పైకి తోశా, ఆ చివరి అక్షరం తంబూరలో కలిసేదాకా వినపడింది. వెనక్కి వెళ్ళి ప్లే నొక్కి చెయ్యి తీసేస్తే ఫేడర్ తనంతట తనే అదే చోట అంతే పైకి లేచింది. వదిన గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది, ఇంకోసారి వెయ్యి అంది.